డ్యూటీ గంటలు తగ్గించండి, కానీ సైకియాట్రీ పీజీకి పేషెంట్‌ని దూరం చేయకండి: ఎన్ఎంసీ పీజీ బోర్డుకి, సైకియాట్రీ హెచ్ఓడీలకి బహిరంగ లేఖ

ఎన్ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) పోస్ట్ గ్రాడ్యుయేట్ బోర్డు పెద్దలకి, తెలుగు రాష్ట్రాల్లో, మిగతా చోట్ల కూడా సైకియాట్రీ డిపార్ట్‌మెంట్లు నడుపుతున్న ప్రొఫెసర్లకి నమస్కారం.

నేను ఆంధ్రాలో ఎంబీబీఎస్ చదివి ఇంగ్లండ్ వచ్చి ఇక్కడే సైకియాట్రీ ట్రైనింగ్ చేశాను, ఇప్పుడు కన్సల్టెంట్‌గా, అంటే టీమ్‌ని నడిపే సీనియర్ డాక్టర్‌గా పని చేస్తూ జూనియర్లకి ట్రైనింగ్ ఇస్తున్నాను. నా దగ్గర చేసిన వాళ్ళల్లో మన తెలుగు పిల్లలు కూడా చాలామందే ఉన్నారు, అక్కడ పీజీ చేస్తున్న వాళ్ళ క్లాస్‌మేట్స్, జూనియర్స్ నాకు తరచూ ఫోన్లు చేస్తుంటారు, కాబట్టి రెండు వైపులా ఏం జరుగుతోందో కొంత తెలుసు. 2024లో మెడికల్ స్టూడెంట్ల మానసిక ఆరోగ్యం మీద మీ టాస్క్ ఫోర్స్ రిపోర్ట్ వచ్చింది కదా, పీజీల డ్యూటీ వారానికి 74 గంటలు మించొద్దు, ఒక రోజు సెలవు, ఒక 24 గంటల డ్యూటీ, మిగతా ఐదు రోజులు పది గంటల చొప్పున అని లెక్క కట్టి మరీ చెప్పారు. అది చదివిన దగ్గర్నుంచీ మీకు ఈ లెటర్ రాయాలని ఉంది, ఎందుకంటే గంటలు తగ్గించే పని ఇక్కడ మేము చేసి చూశాం, అందులో సైకియాట్రీకి ఏం పోయిందో ఎలా పోయిందో దగ్గరుండి చూశాను.

ముందే ఒక మాట స్పష్టంగా చెప్పేస్తా, లేకపోతే కింద నేను రాసేది పట్టుకుని "చూశారా, గంటలు తగ్గిస్తే ట్రైనింగ్ పాడవుతుందని ఇంగ్లండ్ డాక్టరే చెప్తున్నాడు" అంటారు. గంటలు తగ్గాల్సిందే. అందులో రెండో మాట లేదు. మన దేశంలో రెసిడెంట్ల, అంటే హాస్పిటల్లో పని చేస్తూ చదువుకునే పీజీ డాక్టర్ల డ్యూటీ రోజుకి 12 గంటలు, వారానికి 48 గంటలు మామూలుగా మించకూడదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే రాసి పెట్టింది, ముప్పై ఏళ్ళు దాటిపోయింది, ఆ కాగితం సంగతి పీజీల్లో సగం మందికి తెలియనే తెలియదు. 2023 పీజీ రెగ్యులేషన్స్‌లో రీజనబుల్ వర్కింగ్ అవర్స్ అన్నారు గానీ రీజనబుల్ అంటే ఎన్ని గంటలో అంకె వేయలేదు, అంకె వేయకపోతే ఎవరి రీజన్ వాళ్ళది. మీ టాస్క్ ఫోర్స్ సర్వేలోనే పీజీల్లో సుమారు 31 శాతం మంది చనిపోవాలన్న ఆలోచనలు వచ్చాయని చెప్పారు. ఇంకే రుజువు కావాలండి. సూసైడ్ రిస్క్ అసెస్ చేయడం నేర్పే డిపార్ట్‌మెంట్లం మనం, మన దగ్గర చదువుకునే పిల్లలే ఆ స్థితిలో ఉంటే వాళ్ళకి ఏం నేర్పుతాం?

అలసట గురించి ఇంకో సంగతి. 1984లో న్యూయార్క్‌లో లిబీ జయన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి జ్వరంతో రాత్రి హాస్పిటల్లో చేరి తెల్లారేసరికి చనిపోయింది. రెసిడెంట్ల డ్యూటీ గంటల మీద ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా ఈ కేసు చెప్తారు, కానీ ఇందులో మన సబ్జెక్ట్ ఉందన్న సంగతి చాలామందికి గుర్తుండదు. ఆ అమ్మాయి డిప్రెషన్‌కి ఫెనెల్జీన్ వాడుతోంది, పాత ఎంఏఓఐ గ్రూపు మందు. ఆ రాత్రి వణుకు ఆపడానికి పెథిడిన్ అనే నొప్పి మందు ఇచ్చారు, ఆ రెండూ కలవకూడదు. తర్వాత ఆమె ఇంకా ఎజిటేట్ అయితే చేతులు కట్టేసి హాలోపెరిడాల్ అనే సైకోసిస్ మందు ఇచ్చారు. ఆమెని చూడాల్సిన ఇంటర్న్ ఇంకా ఎంతోమంది పేషెంట్లతో సతమతమవుతోంది. చావుకి అసలు కారణం ఏంటన్న దాని మీద కోర్టులో చాలా వాదనలు జరిగాయి, అది వేరే విషయం. ఆ కేసు తర్వాతే న్యూయార్క్ రాష్ట్రం 1989లో వారానికి 80 గంటల లిమిట్ పెట్టింది, 2003లో అమెరికా అంతా అదే లిమిట్ వచ్చింది. ఎజిటేటెడ్ పేషెంట్ ముందు నిలబడి, ఇది సైకోసిసా, ఒంట్లో జబ్బు వల్ల వచ్చిన డెలిరియమా, మందులు ఒకదానితో ఒకటి పడక వచ్చిన డ్రగ్ ఇంటరాక్షనా అని ఆలోచించాల్సిన పని ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. ముప్పై గంటలు నిద్రలేని మనిషికి ఆ ఆలోచన రాదు, కట్టేసి ఇంజక్షన్ ఇవ్వాలన్న ఆలోచనే వస్తుంది.

సరే, ఇక ఇంగ్లండ్ సంగతి.

పని గంటలకి లిమిట్ పెట్టే యూరప్ వర్కింగ్ టైమ్ డైరెక్టివ్ 1993లో వచ్చింది, బ్రిటన్‌లో 1998లో చట్టమైంది, కానీ ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్లని మొదట అందులోంచి తప్పించారు. తర్వాత 2004 ఆగస్టులో వారానికి 58 గంటలు, 2007లో 56, 2009 ఆగస్టు నుంచి 48 గంటలు, ఇలా మెట్లు మెట్లుగా దింపారు. రోజుకి కనీసం 11 గంటలు వరసగా రెస్ట్ ఉండాలి. ఇక్కడిదాకా బాగానే ఉంది. మధ్యలో యూరప్ కోర్టు రెండు తీర్పులిచ్చింది, 2000లో స్పెయిన్ నుంచి వచ్చిన సిమాప్ కేసు, 2003లో జర్మనీ నుంచి వచ్చిన యేగర్ కేసు. హాస్పిటల్లో ఆన్ కాల్ (పిలిస్తే వెళ్ళి చూసే డ్యూటీ) ఉన్న డాక్టర్ నిద్రపోతున్నా సరే ఆ టైమ్ అంతా డ్యూటీ కిందే లెక్క అని ఆ తీర్పుల సారాంశం. డాక్టర్ల వైపు నుంచి చూస్తే న్యాయమైన తీర్పే. కానీ సైకియాట్రీ మీద దాని దెబ్బ వేరే రకంగా పడింది.

ఎలాగంటే, సర్జరీలోనో మెడిసిన్‌లోనో లాగా సైకియాట్రీ ఆన్ కాల్‌లో రాత్రంతా పరుగులు ఉండవు. పాత పద్ధతిలో జూనియర్ పగలు తన టీమ్‌తో పని చేసుకునేవాడు, కొన్ని రోజులకోసారి రాత్రి హాస్పిటల్లోనే పడుకుని పిలిస్తే లేచి చూసేవాడు, పొద్దున మళ్ళీ తన వార్డుకే వెళ్ళేవాడు. రాత్రి తను అడ్మిట్ చేసిన పేషెంట్‌ని పొద్దున రౌండ్స్‌లో తనే ప్రెజెంట్ చేసేవాడు. పడుకున్న టైమ్ కూడా డ్యూటీ అయ్యేసరికి ఆ పద్ధతి లెక్కలో ఇమడలేదు, చాలా చోట్ల ఫుల్ షిఫ్ట్‌లు పెట్టేశారు. వరసగా నైట్స్, ఆ తర్వాత రెస్ట్ రోజులు, అన్నీ కలిపి చూస్తే జూనియర్ తన టీమ్‌కి వారాల తరబడి కనిపించడు. మంగళవారం కన్సల్టెంట్ వార్డ్ రౌండ్ ఉంటే ఆ మంగళవారం అతను నైట్ చేసి పడుకుని ఉంటాడు. బుధవారం సాయంత్రం అతని సైకోథెరపీ పేషెంట్ వస్తుంది, ఆ వారం కాన్సిల్. ఇంకో వారం కూడా కాన్సిల్. థెరపీ అంటేనే ప్రతి వారం అదే రోజు అదే టైమ్‌కి అదే మనిషి అక్కడ కూర్చుని ఉండటం, ఆ గ్యారంటీయే లేకపోతే చిన్నప్పటి నుంచి అందరూ వదిలేసి వెళ్ళిపోయిన మనిషికి మనం కూడా అదే చేసి చూపించినట్టు.

నా దగ్గర ట్రైనింగ్‌లో ఉన్న మన తెలుగమ్మాయి ఒకసారి సూపర్‌విజన్‌లో ఒక కేసు చెప్పింది. రాత్రి రెండింటికి ఒక కుర్రాడిని తీసుకొచ్చారు, ఇరవై ఏళ్ళుంటాయి, తన మనసులో అనుకునేవన్నీ గోడలో ఉన్న నీళ్ళ పైపు గుండా పక్కింటి వాళ్ళకి వినిపిస్తున్నాయని భయం. గదిలోకి రమ్మంటే రాడు, గదిలో సింక్ ఉంది, సింక్‌కి పైపు ఉంది. ఈ అమ్మాయి అతనితో పాటు కారిడార్‌లో నేల మీద కూర్చుంది, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మెల్లగా మాట కలిపింది, చివరికి అతను ఆమె చేతిలోంచి టాబ్లెట్ తీసుకుని వేసుకున్నాడు. చాలా మంచి పని చేసింది, ఆ వయసులో నేనైతే అంత ఓపిక పట్టేవాడిని కాదేమో. పొద్దున హ్యాండోవర్ షీట్‌లో రెండు లైన్లు రాసింది, ఇంటికెళ్ళింది. ఆ కుర్రాడు వేరే టీమ్‌కి వెళ్ళాడు. "అతనికి తర్వాత ఏమైంది?" అని అడిగా. "తెలీదు సర్, మళ్ళీ చూళ్ళేదు" అంది.

నేను మీకు చెప్పదలుచుకున్నదంతా ఆ అమ్మాయి చెప్పిన ఆ ఒక్క ముక్కలో ఉంది. అతను గంజాయి మానేసిన వారానికి మామూలైపోయాడా, ఒలాంజపిన్ మందు పని చేయడానికి ఎన్నాళ్ళు పట్టింది, ఆరు నెలల తర్వాత డయాగ్నసిస్ స్కిజోఫ్రీనియా అయిందా బైపోలార్ అయిందా, ఆ రాత్రి తను పెట్టిన ఇంప్రెషన్ కరెక్టా తప్పా, ఇవేవీ ఆమెకి తెలియవు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది, మనిషి సంగతి అలా ఒక్క రాత్రి చూసి తేల్చేది కాదు. గుండె డాక్టర్‌కి ఈసీజీ అక్కడికక్కడే చెప్తుంది కరెక్టో తప్పో. మనకి అలాంటి టెస్ట్ లేదు, అదే పేషెంట్‌ని మళ్ళీ మళ్ళీ చూస్తేనే మన జడ్జిమెంట్ కరెక్టో కాదో మనకి తెలిసేది. ఆ చూడటం పోతే ఎన్ని కేసులు చూసినా అనుభవం పెరగదు, కేసుల లెక్క ఒక్కటే పెరుగుతుంది.

ఇంకోవైపు కొన్ని చోట్ల పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. నైట్ గంటలు మిగల్చాలని జూనియర్లని రాత్రి అసెస్‌మెంట్ల నుంచే తప్పించారు. 2000 తర్వాత ఇక్కడ క్రైసిస్ టీమ్‌లు వచ్చాయి, ఎమర్జెన్సీలో మానసిక సమస్యలు చూసే లియేజాన్ నర్సులు వచ్చారు, విషం తాగినవాళ్ళని, చేతులు కోసుకున్నవాళ్ళని మొదట చూసేది వాళ్ళే. ఆ నర్సులు అద్భుతంగా చేస్తారు, పేషెంట్‌కి అది మంచిదే, నేను వాళ్ళ దగ్గర చాలా నేర్చుకున్నాను. కానీ ట్రైనీ సంగతేంటి? ఎవరూ ముందు చూసి పెట్టని పేషెంట్ దగ్గరికి, ఫైల్ కూడా లేకుండా, మొదటిసారి తనే వెళ్ళి "ఇంటికి పంపొచ్చా, ఉంచాలా" అని నిర్ణయం తీసుకోవడం అనేది సైకియాట్రీలో అతి ముఖ్యమైన విద్య, అది చేయకుండానే మూడేళ్ళు అయిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు ఇక్కడి సైకియాట్రిస్టుల రాయల్ కాలేజ్ ఏం చేసిందంటే అంకె పెట్టింది: మూడేళ్ళ కోర్ ట్రైనింగ్‌లో కనీసం 55 ఆన్ కాల్ నైట్స్, అంటే మొదటి అసెస్‌మెంట్ తనే చేసినవి కనీసం 50 ఎమర్జెన్సీ కేసులు, రకరకాల డయాగ్నసిస్‌లతో, లాగ్‌బుక్‌లో రాసి సూపర్‌వైజర్ సంతకం పెట్టాలి. షిఫ్ట్‌లు చేసేవాళ్ళకి అంతే సమానమైన అనుభవం చూపించాలి. నర్సుల టీమ్ వల్ల ట్రైనీకి సెల్ఫ్ హార్మ్ కేసులు అందకపోతే ఆ కేసులు చూసే ఏర్పాటు ప్రోగ్రామ్ డైరెక్టర్ విడిగా చేయాలి. ఇది నాకు చాలా నచ్చిన పద్ధతి, గంటలకి పై లిమిట్ పెట్టినప్పుడు అనుభవానికి కింది లిమిట్ కూడా పెట్టాలన్నమాట. రెండూ కలిసి రావాలి, ఇక్కడ మాత్రం ఒకటి ముందొచ్చి ఇంకోటి వెనకొచ్చింది, మధ్యలో నష్టపోయిన బ్యాచ్‌లు నష్టపోయాయి.

2010లో సర్ జాన్ టెంపుల్ అనే సర్జరీ ప్రొఫెసర్ ప్రభుత్వం కోసం ఒక రిపోర్ట్ ఇచ్చాడు, 48 గంటల్లో ట్రైనింగ్ కుదురుతుందా లేదా అన్న దాని మీదే. ఆయన చెప్పింది క్లుప్తంగా ఏంటంటే, 48 గంటల్లో మంచి ట్రైనింగ్ ఇవ్వొచ్చు, కానీ రాత్రిళ్ళు, వీకెండ్లు హాస్పిటల్‌ని నడిపే భారమంతా ట్రైనీల మీదే వేసి, పైన సూపర్‌విజన్ సరిగ్గా లేని చోట మాత్రం కుదరదు. ఈ వాక్యాన్ని మన మెడికల్ కాలేజీల ముందు పెట్టి చూడండి సార్. రాత్రిళ్ళు మన హాస్పిటల్స్ ఎవరి మీద నడుస్తున్నాయి?

అందుకే నా భయం. మన దగ్గర లెక్క ఇంకా కష్టం, ముఖ్యంగా సైకియాట్రీలో. మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌లో పీజీలు పదుల్లో ఉంటారు కాబట్టి 74 గంటల ఫార్ములా ఎలాగోలా సర్దుతారు. సైకియాట్రీలో ఏడాదికి ఒక్క సీటే ఉన్న కాలేజీని తీసుకోండి. మూడేళ్ళకి ముగ్గురు పీజీలు. ఒక్కొక్కరికి వారానికి ఒకే 24 గంటల డ్యూటీ అంటే ముగ్గురూ కలిసి మూడు రాత్రులు చూస్తారు, వారానికి రాత్రులు ఏడు. మిగతా నాలుగు? అందులో ఒకరు మూడు నెలలు డిస్ట్రిక్ట్ రెసిడెన్సీకి, అంటే జిల్లా హాస్పిటల్లో పని చేయడానికి వెళ్తారు, థర్డ్ ఇయర్ వాళ్ళు పరీక్షల ముందు సెలవు పెడతారు. ఇక మిగిలేది ఒకరు. ఇలాంటి చోట ఏం జరుగుతుందో మీకు తెలుసు, నాకు తెలుసు. రోస్టర్ కాగితం మీద 74 అని ఉంటుంది, పీజీ హాస్టల్లో ఉంటాడు కాబట్టి ఏడు రాత్రులూ ఫోన్ అతనికే వస్తుంది. లేదా రెండోది జరుగుతుంది, సైకియాట్రీ కవర్ రాత్రికి ఎత్తేస్తారు, క్యాజువాలిటీలో ఎవరో ఒక ఇంజక్షన్ ఇచ్చి పొద్దున ఓపీకి రమ్మంటారు. మొదటి దాంట్లో పీజీ నలిగిపోతాడు, రెండో దాంట్లో పేషెంట్ నష్టపోతాడు, పీజీకి ఎమర్జెన్సీ సైకియాట్రీ రానే రాదు.

రాత్రి కేసులంటే మన దగ్గర ఎలాంటివి వస్తాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పురుగుల మందు తాగి ఐసీయూలో బతికి బయటపడిన రైతు, పరీక్ష పోయిందని మాత్రలు మింగిన ఇంటర్ పిల్ల, బాలింత సైకోసిస్, ఇంట్లో వాళ్ళని కొట్టి కట్టేసి తీసుకొచ్చిన మేనియా. తెలంగాణలో కల్లు విత్‌డ్రాయల్ ఒకటి, అది పుస్తకాల్లో ఉండే ఆల్కహాల్ విత్‌డ్రాయల్ కాదు, కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు కాబట్టి ఫిట్స్, వణుకు, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించడం, మాట తడబడటం, అన్నీ కలిసి వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే కల్లు దుకాణాలు మూతపడి ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్‌కి ఎలా జనం వచ్చారో అందరం చూశాం. లక్ష మందికి ఒక సైకియాట్రిస్ట్ కూడా లేని దేశం మనది. రేపు ఆ పీజీ పాసై ఏ జిల్లా హాస్పిటల్లోనో ఒక్కడే సైకియాట్రిస్ట్‌గా కూర్చుంటాడు, పైన అడగడానికి ఎవరూ ఉండరు. ఈ కేసుల్ని మొదటి గంటలో తన చేత్తో చూసి, వారం తర్వాత మళ్ళీ చూసి ఉండకపోతే ఆ జిల్లా మొత్తానికి నష్టం.

మా కాలంలో 36 గంటలు చేశాం, అందుకే నేర్చుకున్నాం, ఇప్పటి పిల్లలకి ఓపిక లేదు అని కొందరు సీనియర్ ప్రొఫెసర్లు అంటారు. నాకు వాళ్ళంటే చాలా గౌరవం, నాకు మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్ నేర్పింది అలాంటి ఒక సారే. కానీ సార్, మీరు నేర్చుకున్నది 36 గంటల వల్ల కాదు. ఎప్పుడూ వార్డులోనే ఉన్నారు కాబట్టి పేషెంట్ చేరిన రాత్రి చూశారు, మూడో రోజు చూశారు, డిశ్చార్జ్ రోజు చూశారు, రివ్యూకి వస్తే గుర్తుపట్టారు. అది ఎవరూ ప్లాన్ చేయకుండా ఎక్కువ గంటలతో పాటు దానంతటదే వచ్చింది. ఇప్పుడు గంటలు తగ్గితే అది దానంతటదే రాదు, పనిగట్టుకుని ఏర్పాటు చేయాలి. ఇంగ్లండ్‌లో మేము చాలా ఏళ్ళు గమనించనిది ఇదే.

మరి ఏ గంటలు కోయాలి అంటే, ముందు ట్రైనింగ్ కాని గంటలు కోయండి. సైకియాట్రీ పీజీ రోజులో ఎంత భాగం శాంపిల్స్ మోయడానికి, రిపోర్టులు తేవడానికి, ఫారాలు నింపడానికి పోతుందో ఒక వారం పాటు మీ డిపార్ట్‌మెంట్‌లోనే రాయించి చూడండి. సదరం క్యాంపు రోజున పీజీలు వరసబెట్టి డిజెబిలిటీ సర్టిఫికెట్లకి స్కోరింగ్ చేస్తూ కూర్చుంటారు, మానసిక వైకల్యం ఎంతో కొలిచే ఐడియాస్ స్కేల్ నేర్చుకోవాలి నిజమే, కొన్ని చేస్తే వచ్చేస్తుంది, ఆ తర్వాత చేసేదంతా క్లర్క్ పనే. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017 వచ్చాక కాగితాలు పెరిగాయి, అవి పేషెంట్ హక్కుల కోసం, నేను తప్పు పట్టను, సెక్షన్ 89 కింద సపోర్టెడ్ అడ్మిషన్ అంటే ఏంటో, తన ట్రీట్‌మెంట్ గురించి తనే నిర్ణయించుకునే కెపాసిటీ మనిషికి ఉందో లేదో తేల్చడం ఎలాగో పీజీకి రావాల్సిందే. కానీ కెపాసిటీ అసెస్ చేయడం డాక్టర్ పని, అదే వివరాలు మూడు రిజిస్టర్లలో ఎక్కించడం డాక్టర్ పని కాదు. ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని, ఒక సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని ఇస్తే ఒక్కో పీజీకి వారంలో ఎన్నో గంటలు మిగులుతాయి, నైట్ డ్యూటీ ముట్టుకోకుండానే.

ఆ తర్వాత 24 గంటల డ్యూటీ సంగతి. డ్యూటీ దిగిన పీజీ నేరుగా ఓపీలో కూర్చోవడం ఆపాలి, ఇది రూల్‌గా రాయండి. కానీ ఇంటికి పోయే ముందు ఒక అరగంటో గంటో, రాత్రి చూసిన కేసులన్నీ కన్సల్టెంట్‌కి కూర్చోబెట్టి చెప్పాలి, చాయ్ తాగుతూ అయినా సరే. "ఎందుకు అడ్మిట్ చేశావు, ఎందుకు పంపించావు, కత్తి దాచారా అని ఇంట్లో వాళ్ళని అడిగావా" అని ఆ టైమ్‌లో అడిగే ప్రశ్నలే మనిషిని సైకియాట్రిస్ట్‌ని చేస్తాయి. ఆ గంటని డ్యూటీ గంటల్లోనే లెక్కపెట్టండి, 24 దాటాక వేరేగా కాదు. రాత్రి ఎవరు అడ్మిట్ చేస్తే ఆ పేషెంట్ డిశ్చార్జ్ అయ్యేదాకా వాళ్ళ పేరు మీదే ఉండాలి, వేరే యూనిట్ బెడ్‌లో ఉన్నా సరే, వాళ్ళు డ్యూటీలో ఉన్న రోజు వెళ్ళి చూసి నోట్స్ రాయాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు, హెచ్ఓడీ ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు.

చిన్న డిపార్ట్‌మెంట్లకి వేరే గైడ్‌లైన్ కావాలి. పీజీలు నలుగురి కంటే తక్కువ ఉన్న చోట రాత్రి మొదటి ఫోన్ సీనియర్ రెసిడెంట్లు, అసిస్టెంట్ ప్రొఫెసర్లు కూడా పంచుకోవాలి, "మా వాళ్ళకి కష్టం" అని మీరంటారని తెలుసు, కానీ సీటు కావాలని అప్లై చేసేటప్పుడు ఫ్యాకల్టీని చూపించే కదా తెచ్చుకున్నారు. ఇంటి దగ్గర్నుంచో హాస్టల్ నుంచో చేసే ఆన్ కాల్ సైకియాట్రీకి బాగా సరిపోతుంది, ఇక్కడ సీనియర్ ట్రైనీలు చాలామంది అలాగే చేస్తారు, కానీ ఏ రోజు ఎవరి వంతో బోర్డు మీద ఉండాలి, పిలిచిన ప్రతిసారీ వెళ్ళిన టైమ్ వచ్చిన టైమ్ రాయాలి, రాత్రి సగం మేల్కొంటే మరుసటి పొద్దున రెస్ట్ ఇవ్వాలి. హాస్టల్లో ఉన్నాడు కదా అని వంతు కాని మనిషికి ఫోన్ చేయడం కుదరదని నర్సింగ్ స్టాఫ్‌కి కూడా రాతపూర్వకంగా చెప్పాలి.

సూపర్‌విజన్ గురించి ఎక్కువ రాయను, ఒకటే అడుగుతా. ఇక్కడ ప్రతి సైకియాట్రీ ట్రైనీకి వారానికి ఒక గంట కన్సల్టెంట్‌తో ఒంటరిగా కూర్చునే హక్కు ఉంది. అందులో కేసులే కాదు, ఏ పేషెంట్‌ని చూస్తే కోపం వస్తోంది, ఎవరు చనిపోయాక నిద్ర పట్టట్లేదు, ఇవన్నీ మాట్లాడతారు. తను చూసిన పేషెంట్ ఆత్మహత్య చేసుకుంటే ఒక పీజీకి ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు, అది పదిమంది ముందు రౌండ్స్‌లో మాట్లాడే విషయం కాదు. గంటలు తగ్గించిన ప్రతిసారీ మొదట మాయమయ్యేది ఈ గంటే, ఎందుకంటే దానికోసం క్యూలో నిలబడి అరిచే పేషెంట్ ఎవరూ ఉండరు. దయచేసి దీన్ని రెగ్యులేషన్‌లో పెట్టండి, థెరపీ కేసుకి వారంలో ఒక ఫిక్స్‌డ్ టైమ్ కూడా పెట్టండి, ఆ రెండు గంటల్లో పీజీకి వేరే డ్యూటీ వేయకూడదని.

2016లో ఇక్కడ జూనియర్ డాక్టర్లు సమ్మెలు చేశారు, పెద్ద గొడవే అయింది, కొత్త కాంట్రాక్ట్‌తో వచ్చిన వాటిలో ఒకటి మాత్రం మీకు పనికొస్తుంది. ప్రతి హాస్పిటల్ ట్రస్ట్‌లో గార్డియన్ ఆఫ్ సేఫ్ వర్కింగ్ అవర్స్ అని ఒక పోస్ట్ పెట్టారు. డ్యూటీ టైమ్ దాటి పని చేయాల్సి వస్తే ట్రైనీ ఆన్‌లైన్‌లో ఎక్సెప్షన్ రిపోర్ట్ పెడతాడు. ముఖ్యమైన సంగతి ఏంటంటే టైమ్ దాటినందుకే కాదు, టీచింగ్ మిస్సయినా, సూపర్‌విజన్ మిస్సయినా కూడా రిపోర్ట్ పెట్టొచ్చు. అంటే గంటలు, ట్రైనింగ్ రెండూ ఒకే చోట లెక్కలోకి వస్తాయి. రిపోర్ట్ పెట్టడానికి భయపడేవాళ్ళు ఇక్కడా ఉన్నారు, మన దగ్గర ఇంకా ఎక్కువ ఉంటారు, థీసిస్ మీద గైడ్ సంతకం కావాలి, ప్రాక్టికల్స్‌లో ఇంటర్నల్ ఎగ్జామినర్ హెచ్ఓడీయే. కాబట్టి ఆ రిపోర్ట్ కాలేజీకి కాకుండా నేరుగా మీకు వచ్చేలా, పేరు బయటపడకుండా పెట్టండి.

ఇక ఇన్‌స్పెక్షన్. మీ వాళ్ళు కాలేజీకి వచ్చినప్పుడు బెడ్లు, ఓపీ నంబర్లు, ఫ్యాకల్టీ హాజరు చూస్తారు. సైకియాట్రీ వరకూ ఇంకో రెండు అడగండి: గత నెల నైట్ రోస్టర్, దాని పక్కన క్యాజువాలిటీ రిజిస్టర్‌లో రాత్రి సైకియాట్రీ కాల్స్‌కి వచ్చిన వాళ్ళ సంతకాలు. రెండూ పక్కపక్కన పెడితే 74 గంటలు నిజమో కాదో అరగంటలో తెలిసిపోతుంది. తర్వాత ఒక థర్డ్ ఇయర్ పీజీ లాగ్‌బుక్ తెరిచి, మొదటి రాత్రి తనే చూసి, మళ్ళీ మూడు నెలల తర్వాత కూడా తనే చూసిన పేషెంట్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఆ అంకెకి ఒక కనీసం మీరే నిర్ణయించండి, మా 50 కాపీ కొట్టక్కర్లేదు, మన కేసులు ఎక్కువ కాబట్టి మన అంకె మనకి వేరే ఉండొచ్చు.

ఇక్కడ ఉన్న తెలుగు సైకియాట్రిస్టులం కొంతమందిమి ఈ విషయం మాట్లాడుకున్నాం. ఫ్యాకల్టీ తక్కువ ఉన్న చిన్న డిపార్ట్‌మెంట్లలో పీజీలకి వీడియో కాల్ మీద కేస్ డిస్కషన్ చేయడానికి మేము సిద్ధం, పేషెంట్ వివరాలు బయటకి రాకుండా, మీ ఫ్యాకల్టీ కూడా కూర్చుని, డబ్బు ఏమీ అవసరం లేదు, మన టైమ్‌కి సాయంత్రం ఆరు గంటలైతే ఇక్కడ మధ్యాహ్నం కాబట్టి మాకూ వీలే. అది వారానికి ఒక గంట, పీజీ 74 గంటల్లోపలే ఉండాలి, అదొక్కటే మా షరతు. ఏ డిపార్ట్‌మెంట్‌లో మొదలుపెట్టాలో మీరు చెప్పండి.

ఇట్లు,
ఇంగ్లండ్‌లో పని చేస్తున్న ఒక తెలుగు సైకియాట్రిస్ట్